తిరుపతికి బుల్లెట్ రైలు: లాడ్జీల సంఘం కోసం వేసిన లెక్క, అందులో నేను చేసిన తప్పు

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించారు. వాటిలో మూడు మన చుట్టుపక్కలవే: హైదరాబాద్–చెన్నై, హైదరాబాద్–బెంగళూరు, చెన్నై–బెంగళూరు. ఆ తర్వాత కొద్ది రోజులకే తిరుపతిలో హోటళ్లు, లాడ్జీలు నడిపేవాళ్ల సంఘం ఒకటి నాకు ఫోన్ చేసింది. ప్రాజెక్ట్ రిపోర్టులు రాయడం నా వృత్తి. ఎక్కువగా కోల్డ్ స్టోరేజీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. అప్పుడప్పుడూ పెద్ద కన్సల్టెన్సీలకు రోడ్ల ట్రాఫిక్ లెక్కలు కూడా కట్టిస్తుంటాను. సంఘానికి కావలసింది ఢిల్లీకి పంపే వినతిపత్రానికి వెనక జతచేసే నాలుగు పేజీల నోట్. అందులో లాభనష్టాల లెక్క ఉండాలి, లాభం ఎక్కువ కనిపించాలి. రెండోది బయటికి అనలేదు గానీ నాకర్థమైంది.

సంఘం కార్యదర్శి తన లెక్క తనే చెప్పేశాడు. "కొండకి రోజుకి 70 వేల మంది సార్. ఏడాదికి రెండున్నర కోట్లు. దేశంలో ఏ ఊరికి ఉండాది సార్ ఇంత గిరాకీ?"

ఆ మాట కొట్టిపారేసేది కాదు. హైస్పీడ్ రైలు ఆర్థికశాస్త్రంలో బాగా పేరున్న ఒక అంచనా ఉంది. స్పెయిన్‌కు చెందిన దె రుస్, నోంబెలా 2007లో కట్టింది. దాని ప్రకారం 500 కి.మీ. లైను సమాజానికి గిట్టుబాటు కావాలంటే మొదటి ఏడాదిలోనే 80 లక్షల నుంచి కోటి మంది దాకా ప్రయాణించాలి. మనకి రెండున్నర కోట్లు ఉన్నారు కదా! నేనూ మొదటి ముసాయిదాలో ఆ ఊపులోనే రాసేశాను: రెండున్నర కోట్ల మంది, ఒక్కొక్కరికి మూడు గంటలు ఆదా, గంట విలువ రూ. 200. ఏడాదికి రూ. 1,500 కోట్ల లాభం. కాగితం మీద భలే ఉంది.

ఆ రూ. 1,500 కోట్లు చివరికి ఎంతకు దిగాయో చెప్పడమే ఈ వ్యాసం.

ఖర్చు వైపు

ఖర్చు రాయడం తేలిక, ఎందుకంటే పోల్చుకోవడానికి ముంబై–అహ్మదాబాద్ లైను ఉంది. 508 కి.మీ., 12 స్టేషన్లు, 2017 సెప్టెంబర్‌లో శంకుస్థాపన, అప్పటి అంచనా రూ. 1.08 లక్షల కోట్లు. అంటే కిలోమీటరుకి సుమారు రూ. 213 కోట్లు. మన వైపు వచ్చే లైనుకి నేను తీసుకున్నది నేషనల్ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్ ఇంతకుముందే అధ్యయనానికి తీసుకున్న చెన్నై–బెంగళూరు–మైసూరు కారిడార్. పొడవు 435 కి.మీ., అనుకున్న స్టేషన్లు తొమ్మిది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కేది చిత్తూరు ఒక్కటే. ముంబై రేటే వేసినా రూ. 92 వేల కోట్లు దాటుతుంది, అదీ పాత ధరల్లో. హైదరాబాద్–చెన్నై లైను తిరుపతి మీదుగా రావాలన్నది సంఘం అసలు ఆశ. దారే ఖరారు కాని లైనుకి లెక్క కట్టలేనని చెప్పి దాన్ని పక్కన పెట్టాను.

ఈ రూ. 213 కోట్ల పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. తిరుపతి–పాకాల–కాట్పాడి లైను 104 కి.మీ. సింగిల్ ట్రాక్. దాన్ని డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. ఖర్చు రూ. 1,332 కోట్లు, అంటే కిలోమీటరుకి పదమూడు కోట్లకు కాస్త తక్కువ. ఒక కిలోమీటరు బుల్లెట్ లైను డబ్బుతో పదహారు కిలోమీటర్లకు పైగా డబ్లింగ్ అవుతుంది. మొత్తం 104 కి.మీ. డబ్లింగ్‌కయ్యే ఖర్చు ఆరున్నర కిలోమీటర్ల బుల్లెట్ లైనుకి సరిపోదు. తిరుపతి నుంచి బయల్దేరితే చంద్రగిరి దాకా కూడా రాదు.

మీటింగ్‌లో ఒకాయన అడ్డం పడ్డాడు: "జపాన్‌వాళ్లు వడ్డీ లేకుండా ఇస్తారంట గదా సార్?" దాదాపు నిజమే. ముంబై లైనుకి మొదటి అంచనా ఖర్చులో 80 శాతం పైగా జపాన్ అప్పు, వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు సొమ్ము కట్టనక్కర్లేదు. చాలామంది తడబడేది ఇక్కడే. వడ్డీ తగ్గితే రైల్వే ఖాతాపుస్తకం బాగుపడుతుంది. దేశం ఖర్చుపెట్టే సిమెంటు, ఉక్కు, నేల, మనుషుల శ్రమ మాత్రం పిసరు కూడా తగ్గవు. అవే సిమెంటు, ఉక్కు ఇంకోచోట పెడితే వచ్చే ప్రయోజనం వదులుకుంటున్నాం. ఆర్థిక లెక్కలో ఖర్చు అంటే ఆ వదులుకున్నదే. పైగా అప్పు యెన్‌లో తీసుకుని రూపాయల్లో సంపాదించి కట్టాలి. యాభై ఏళ్లలో రూపాయి ఎంత జారుతుందో ఎవరు చెప్పగలరు?

నేల విలువ దగ్గర ఒక రోజంతా ఆగిపోయాను. పరిహారం ప్రభుత్వం నుంచి రైతుకి చేతులు మారే డబ్బు. దేశానికి అసలు ఖర్చు ఆ నేల ఇకపై ఇవ్వని పంట. చిత్తూరు పక్క అది చాలాచోట్ల తోతాపురి మామిడి తోట. సరే, కిలో ఎంతని వేయాలి? 2025 సీజన్‌లో ధర పడిపోతే ఫ్యాక్టరీలు రూ. 8, ప్రభుత్వం రూ. 4 కలిపి రూ. 12 ఇవ్వాలని ఏర్పాటు చేశారు. ఆ నాలుగు రూపాయలు సబ్సిడీ, కాబట్టి పుస్తకం ప్రకారం రూ. 8 వేయాలి. కానీ ముప్పై, నలభై ఏళ్లు కాసే చెట్టుకి ఒక చెడ్డ ఏడాది ధర కట్టేస్తే రైతు నేల చవకైనట్టు, ప్రాజెక్ట్ లాభసాటి అయినట్టు కనిపిస్తుంది. రెండు ధరలతోనూ వేసి చూశాను. నిజం చెప్పాలంటే రూ. 92 వేల కోట్ల ముందు ఆ తేడా కంటికి కూడా ఆనలేదు. రైతుకి ప్రాణమైన అంకె ప్రాజెక్ట్ షీట్‌లో గుండుసున్నా పక్కన పడిపోవడం ఈ పనిలో నాకెప్పుడూ మింగుడుపడని సంగతి.

ఎవరి టైం, ఏ టైం

లాభం వైపు పెద్ద పద్దు ఆదా అయ్యే టైమే. ప్రపంచంలో ఎక్కడైనా హైస్పీడ్ రైలు లెక్క దీని మీదే నిలబడుతుంది. రూ. 1,500 కోట్లు రాసిన మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి తిరుపతి ఆర్టీసీ బస్టాండుకి వెళ్లాను. అంకెలు రాసేముందే వెళ్లాల్సింది.

బెంగళూరు బస్సులు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఒక కుటుంబం, ఆరుగురు, కృష్ణరాజపురం నుంచి. బెంచీ మీద పాపకి జడ వేస్తూ వాళ్లమ్మ చెప్పింది: "రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కినాము అన్నా. నిద్రలోనే వచ్చేసినాము. ఇప్పుడు పైకి పోతే గుండు, స్నానం అన్నీ ఆడనే. మళ్లీ రాత్రి బస్సుకే పోతాము." రూమ్ తీసుకోరా అంటే నవ్వింది. "బస్సే రూము గదా!"

నా గంటకి రూ. 200 అక్కడే చతికిలబడింది. ఆ ఆరుగురూ ప్రయాణంలో గడిపింది నిద్రపోయే టైం. దాన్ని ఆదా చేస్తామంటే వాళ్లు రాత్రి పదకొండుకి తిరుపతిలో దిగి ఎక్కడ పడుకుంటారు? పైగా హైస్పీడ్ రైళ్లు సాధారణంగా రాత్రిపూట నడవవు. జపాన్‌లో షింకాన్‌సెన్ అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆగిపోతుంది, పట్టాల పనికోసం. తిరుపతి రద్దీలో పెద్ద భాగం రాత్రి ప్రయాణమే. ఆ గిరాకీని ఈ రైలు అసలు అందుకోలేదు.

ఇంకోటి. భక్తుడి టైం పోయేది దారిలో కంటే క్యూలోనే ఎక్కువ. సర్వదర్శనానికి రద్దీ రోజుల్లో పదిహేను, ఇరవై గంటలు పట్టడం అందరికీ అనుభవమే. మొత్తం ముప్పై గంటల యాత్రలో రెండు గంటలు తగ్గించడానికి మనిషి ఎంత ఎక్కువ చెల్లిస్తాడు? టికెట్ తేడా ఒక్కడికైతే సరే. ఆరుగురికి లెక్కేస్తే వ్యాన్ మాట్లాడుకోవడం చవక.

చెన్నై నుంచి వచ్చేవాళ్లను పూర్తిగా కొట్టేశాను. చెన్నై నుంచి తిరుపతి నేరుగా నూటనలభై కిలోమీటర్లు. చిత్తూరు దాకా బుల్లెట్ రైల్లో పోయి మళ్లీ డెబ్బై కిలోమీటర్లు వెనక్కి రావడం ఎవరూ చేయరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ భక్తులకు ఈ లైనుతో సంబంధమే లేదు. మిగిలింది బెంగళూరు, ఆ చుట్టుపక్కల నుంచి పగలు వచ్చేవాళ్లు, ఒంటరిగానో ఇద్దరుగానో వచ్చేవాళ్లు. ఏడాదికి 20 లక్షల ప్రయాణాలు మారతాయని ఉదారంగానే అనుకున్నాను. ఇది నా ఊహే, సర్వే అంకె కాదు. ఒక్కోదానికి రెండు గంటలు ఆదా, గంటకి అదే రూ. 200. ఏడాదికి రూ. 80 కోట్లు.

రూ. 1,500 కోట్లు రూ. 80 కోట్లయ్యాయి. అదీ అందరూ పాత ప్రయాణికులే అనుకుంటే. రైలు వచ్చాకే కొత్తగా బయల్దేరేవాళ్లకి పూర్తి లాభం కట్టకూడదు, సగమే కట్టాలి. ప్రయాణం వాళ్లకి అంత అవసరమే అయ్యుంటే ముందే వచ్చేవాళ్లు కదా.

లాడ్జీల సంఘానికి ఇంకో చిక్కుంది, దాన్ని వాళ్లు ఆలోచించలేదు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగితే రూమ్ ఎవరు తీసుకుంటారు? ఈ మాట మీటింగ్‌లో అన్నప్పుడు కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి కార్యదర్శి అడిగాడు: "అయితే మాకు గిరాకీ తగ్గతాదంటారా?" తగ్గొచ్చు. దేశం లెక్కలో అది నష్టం కాదు, రూమ్ అద్దె భక్తుడి జేబులో మిగులుతుంది. వాళ్ల లెక్కలో మాత్రం నష్టమే. ఎవరి తరఫున లెక్క కడుతున్నామో మొదటి పేజీలోనే రాయాలని అందుకే అంటారు.

ఒకే ట్రాక్టర్, రెండు కాటాలు

ఇప్పుడు నా అసలు తప్పు. టైం ఆదా కింద రూ. 80 కోట్లకు పడిపోయేసరికి లాభం వైపు బరువు పెంచడానికి ఇంకో పద్దు చేర్చాను: స్టేషన్ చుట్టూ నేల ధరలు పెరగడం. చిత్తూరు చుట్టూ ఇన్ని వేల ఎకరాలు, ఎకరానికి ఇంత పెరుగుదల అని. సంఘంలో రియల్ ఎస్టేట్ ఉన్నవాళ్లకి ఆ పేజీ బాగా నచ్చింది.

నాకు గురువులాంటి రిటైర్డ్ రైల్వే ఇంజనీరు ఒకాయన ఉన్నారు, ఇప్పుడు పలమనేరులో ఉంటారు. ముసాయిదా పట్టుకుని వెళ్లాను. ఆయన ఆ పేజీ దగ్గర ఆగి పెన్సిల్‌తో సున్నా చుట్టారు. "ఏమప్పా, ఒకే ట్రాక్టరుని రెండుసార్లు కాటా ఎక్కించినావా?"

సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు వే బ్రిడ్జి చూసినవాళ్లకి ఆ మాట చాలు. స్టేషన్ దగ్గర నేల ధర ఎందుకు పెరుగుతుంది? అక్కడి నుంచి బెంగళూరు గంటలోపే కాబట్టి. అంటే ప్రయాణికుడికి ఆదా అయ్యే టైమే నేల ధరగా మారి భూమి యజమాని చేతికి చేరుతోంది. రెండూ కలిపితే ఒకే లాభాన్ని రెండుసార్లు రాసినట్టే. నిర్మాణంలో వచ్చే ఉద్యోగాలది కూడా ఇదే కథ: కూలీల జీతాన్ని ఖర్చులో వేసి, "ఉపాధి" అని లాభంలోనూ వేస్తారు. పని లేనివాళ్లకి పని దొరికితే ఖర్చు వైపు కూలి రేటును కొంత తగ్గించి వేసుకోవచ్చు. అంతవరకే.

ఆ పేజీ తీసేశాను. సంఘంవాళ్లకి తీసేయడం నచ్చలేదు.

పెద్ద లైను సంగతి

ఇదంతా చదివి నేను హైస్పీడ్ రైలుకి వ్యతిరేకమనుకోవద్దు. చెన్నై–బెంగళూరు మధ్య దూరం ఈ రైలుకి సరిగ్గా అతుకుతుంది. వందే భారత్‌కి నాలుగు గంటల పైన పడుతోంది. విమానం గాల్లో ఉండేది గంటలోపే అయినా దేవనహళ్లి ఎయిర్‌పోర్టు దాకా పోవడం, చెకిన్ కలిపితే సగం పూట పోతుంది. ఆఫీసు పని మీద వారం వారం తిరిగేవాళ్లు బోలెడు. వాళ్ల గంటకి విలువ ఉంది, కంపెనీ చెల్లిస్తుంది కూడా. పైగా పాత లైన్లో వేగం బళ్లు తగ్గితే గూడ్సుకి దారి దొరుకుతుంది. మన రైల్వేలో ప్రయాణికుల నష్టాన్ని పూడ్చేది గూడ్సే. 1964లో తెరిచిన టోక్యో–ఒసాకా లైను కట్టేటప్పుడు ఖర్చు అంచనాకి దాదాపు రెట్టింపైంది, రైల్వే అధ్యక్షుడు సోగో, ముఖ్య ఇంజనీరు షిమా పదవులు వదులుకోవాల్సి వచ్చింది. అయినా ఆ లైను గెలిచింది. పాత లైను అప్పటికే కిక్కిరిసి ఉంది, రెండు చివరలా మహానగరాలు ఉన్నాయి.

అలాగని అంచనాలను నమ్మేయలేం. డెన్మార్క్ పరిశోధకుడు ఫ్లూబ్యెర్గ్ బృందం 2002లో 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలిస్తే రైలు ప్రాజెక్టుల ఖర్చు సగటున 45 శాతం పెరిగింది. తర్వాతి అధ్యయనంలో రైళ్లెక్కినవాళ్లు అంచనాలో సగమే తేలారు. నా షీట్‌లో ఈ రెండూ పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాను. డిస్కౌంట్ రేటు, అంటే ముందుముందు వచ్చే డబ్బును ఈరోజు విలువకు తగ్గించే శాతం, ఇంకో మాయ. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయలకి 12 శాతం రేటుతో ఈరోజు విలువ మూడు రూపాయల చిల్లర. బ్రిటన్ ఖజానా వాడే 3.5 శాతంతో అయితే ముప్పైఅయిదు దాటుతుంది. మన 2017 మెట్రో విధానం ఆర్థిక రాబడి 14 శాతం ఉండాలంటుంది. మెట్రోకి ఆ గీటురాయి పెట్టి బుల్లెట్ రైలుకి వేరేది పెడితే అది లెక్కలో మోసమే అవుతుంది.

చిత్తూరులో మారడం

మనకు వచ్చే లాభమంతా చిత్తూరు స్టేషన్ మీద ఉంది. హైస్పీడ్ లైను స్టాండర్డ్ గేజ్, 1,435 మి.మీ. మనది బ్రాడ్ గేజ్, 1,676 మి.మీ. ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైలు టీజీవీ పాత పట్టాలెక్కి ఊళ్లోకి వచ్చేస్తుంది. ఇక్కడ అది కుదరదు. బెంగళూరు ప్రయాణికుడు చిత్తూరులో దిగి, సామాను మోసుకుని, తిరుపతి రైలెక్కాలి.

తైవాన్‌లో 2007లో హైస్పీడ్ లైను తెరిచినప్పుడు తైనాన్ స్టేషన్ ఊరికి దూరంగా ఉంది. దాన్ని పాత రైల్వే లైనుతో కలిపే చిన్న లైను వచ్చింది 2011లో. ఆ కంపెనీ అప్పుల పాలై, 35 ఏళ్ల కాంట్రాక్టును 2015లో 70 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది. స్టేషన్ దూరమే అందుకు కారణమని నేననను. కానీ చిత్తూరులో ఊరి బయట నేల చవకని స్టేషన్ అక్కడ పెడితే ఏమవుతుందో ఆలోచించాలి.

అందుకే ఒకరోజు తిరుపతి నుంచి చిత్తూరుకి ప్యాసింజర్‌లో పోయాను. పాకాల దాటాక పూతలపట్టులో బండి ఆగింది. క్రాసింగ్. వాచీ చూసుకున్నాను: ఇరవైరెండు నిమిషాలు. వేరుశనక్కాయలమ్మే ఆవిడ రెండు బోగీలు తిరిగొచ్చి మళ్లీ నా ముందుకే వచ్చింది. ఎదురు బండి వెళ్లాక మాది కదిలింది. హైస్పీడ్ రైల్లో బంగారుపేట నుంచి చిత్తూరుకి అంతకంటే ఎక్కువ టైమేమీ పట్టదు.

నోట్‌లో చివరికి నేను రాసింది ఇదీ: తిరుపతికి బుల్లెట్ లైను అడగొద్దు. పాత చిత్తూరు స్టేషన్‌ని ఆనుకునే కొత్తది ఉండాలని అడగండి. డబ్లింగ్ పని బుల్లెట్ లైనుకంటే ముందే పూర్తవ్వాలని, దిగగానే తిరుపతి బండి సిద్ధంగా ఉండాలని, రెండింటికీ ఒకే టికెట్ ఇవ్వాలని అడగండి. సంఘం నాకు ఫీజు ఇచ్చింది. వినతిపత్రం కాపీ తర్వాత చూశాను: మొదటి వాక్యం "ఏటా రెండున్నర కోట్ల మంది భక్తులు". నా పేజీల్లో రెండే జతచేశారు, లాడ్జీల గిరాకీ గురించి రాసినది అందులో లేదు.

షీట్ మాత్రం నా దగ్గరే ఉంది. బెంగళూరు ఇంటి నుంచి తిరుపతి దాకా పగటి బస్సులో 420 నిమిషాలు. రైలు దారిలో ఇంటి నుంచి స్టేషన్‌కి 60, ఎదురుచూపు 25, హైస్పీడ్ ప్రయాణం 50, డబ్లింగ్ అయ్యాక చిత్తూరు నుంచి తిరుపతికి 90. ఇవన్నీ నేననుకున్న అంకెలే. చిత్తూరులో మారడానికి 35 వేశాను. బండి మారే నిమిషాలు మనిషికి రెట్టింపు విసుగు, కాబట్టి వాటిని 70గా లెక్కేస్తాం. మొత్తం 295, మిగులు రెండు గంటల పైచిలుకు. పైన రెండు గంటలు ఆదా అని వేసుకున్నది ఇక్కడి నుంచే. కొత్త స్టేషన్ ఊరి బయట పడి, ఆటో మాట్లాడుకుని పాత స్టేషన్‌కి రావాల్సొస్తే ఆ 35 కాస్తా 75 అవుతుంది. ఆ ఒక్క గడి మార్చి చూస్తే మిగులు 45 నిమిషాలు, రూ. 80 కోట్లు రూ. 30 కోట్లు. స్టేషన్ స్థలం ఎక్కడో తేలిన రోజున ఆ గడిలో అసలు అంకె వేస్తాను.